కార్డును స్టాల్ దగ్గర కాదు, సొరుగులో చదువుతారు

ప్రశ్న: మాది గుంటూరు. ఇంటి దగ్గరే కుట్టుమిషన్ మీద పెడన కలంకారీ గుడ్డ, మంగళగిరి గుడ్డ కలిపి పౌచ్‌లు, భుజం సంచులు, పెళ్ళిళ్ళకు తాంబూలం సంచులు కుడుతున్నాను. మూడేళ్ళుగా తెలిసినవాళ్ళ ద్వారానే ఆర్డర్లు వస్తున్నాయి. వచ్చే నెల విజయవాడలో ఒక ఎగ్జిబిషన్‌లో మొదటిసారి స్టాల్ పెడుతున్నాను. విజిటింగ్ కార్డులు కావాలి. మా మరిది ఫోన్‌లో డిజైన్ చేసిచ్చాడు, ఫొటో పంపుతున్నాను. మా అత్తగారు అమ్మవారి బొమ్మ ఉండాల్సిందే అంటున్నారు. ప్రెస్సు అతను వెయ్యి కార్డులు వేయించుకుంటేనే గిట్టుబాటు అంటున్నాడు, బంగారు రంగు ఫాయిల్ కూడా వేస్తాడట. పేరు తెలుగులో వేయాలా, ఇంగ్లీషులోనా? ఇంటి అడ్రసు ఇవ్వాలా? నా నంబరా, మా ఆయన నంబరా? ఇంత చిన్న అట్టముక్కకు ఇంత టెన్షన్ పడుతున్నానేమిటో నాకే అర్థం కావడం లేదు. (పేరు వేయొద్దన్నారు)

జవాబు: అమ్మా, మీ టెన్షన్‌లో తప్పేం లేదు. విజయవాడ గవర్నర్‌పేటలో పాతికేళ్ళు డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుకు పేజీలు తయారుచేసే పని, చేసినవాణ్ణి. పుస్తకాలు రాసినవాళ్ళు అట్ట చూసి పది నిమిషాల్లో సరే అని వెళ్ళిపోయేవాళ్ళు. విజిటింగ్ కార్డు కోసం వచ్చినవాళ్ళు మాత్రం సాయంత్రం దాకా నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాళ్ళు. కార్డు మీద ఉండేది మన పేరు కదా.

మీ మరిది చేసిన డిజైన్ చూశాను. ఫోన్‌లో బాగుంది. తర్వాత దాన్ని అసలు సైజులో ప్రింట్ తీసి, కత్తిరించి, అరచేతిలో పెట్టుకుని చూశాను. సంస్థ పేరు, పువ్వు బొమ్మ, ‘ప్రేమతో చేసినవి’ అని ఇంగ్లీషులో ఒక మాట, ఆరు రకాల సరుకు, రెండు ఫోన్ నంబర్లు, ఈమెయిల్, డోర్ నంబరుతో సహా ఇంటి అడ్రసు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూపీఐ క్యూఆర్ కోడ్, ఎడమ పక్క పైన అమ్మవారి కోసం వదిలిన ఖాళీ, ఓ మూలన చేనేత గుర్తు (హ్యాండ్‌లూమ్ మార్క్). లెక్కపెడితే పన్నెండు. కళ్ళద్దాలు పెట్టుకున్నా ఈమెయిల్ నాకు కనపడలేదు.

మీ ప్రశ్నలకు వచ్చే ముందు ఒక పని చేయండి. మీ ఇంట్లో టీవీ కింద సొరుగో, ఫ్రిజ్ మీద బుట్టో ఉంటుంది కదా, కరెంటు బిల్లులు, రబ్బరు బ్యాండ్లు, పాత శుభలేఖలు పడేసేది. అందులో ఉన్న విజిటింగ్ కార్డులన్నీ బయటికి తీసి మంచం మీద పరవండి. ఒక్కోదాన్నీ చూసి, ఇది ఎవరిది, ఎందుకు దాచాం, ఇప్పుడు ఫోన్ చేయాలంటే ఏ నంబరుకు చేయాలి అని మిమ్మల్ని మీరే అడగండి. సగం కార్డులకు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. సంస్థ పేరు చూస్తే లేడీస్ టైలరో, క్యాటరింగో, కంప్యూటర్ రిపేరో తెలియదు.

స్టాల్ దగ్గర మీ కార్డును ఎవరూ చదవరు. అక్కడ వాళ్ళ ముందు మీరుంటారు, మీ సంచులుంటాయి. కార్డు అందుకుని, అటూ ఇటూ తిప్పి, బ్యాగులో పడేస్తారు. దాన్ని నిజంగా చదివేది నాలుగు నెలల తర్వాత, ఆడపడుచు కూతురి పెళ్ళికి తాంబూలం సంచులు కావాల్సి వచ్చినప్పుడు. ‘ఆ మధ్య ఎగ్జిబిషన్‌లో ఒకావిడ దగ్గర కొన్నామే, ఆ కార్డేదీ’ అని సొరుగు లాగినప్పుడు. అప్పటికి మీ ముఖం, మీ సంస్థ పేరు ఏదీ గుర్తుండదు. గుర్తుండేది గుడ్డ. ‘కలంకారీ సంచులు కుట్టే ఆవిడ’ అని మాత్రం గుర్తుంటుంది. మీ కార్డు ఆ రోజు, ఆ మనిషికి అక్కరకు రావాలి. మీ పన్నెండింటిలో ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఈ లెక్కన చూసుకుంటే సులువు.

ఉండాల్సినవి: పేరు. దాని కింద ఒక్క వాక్యం, ఏం కుడతారో. ఒక్క ఫోన్ నంబరు. ఊరు. ఇన్‌స్టాగ్రామ్ నిజంగా వాడుతుంటే ఆ పేరు. అంతే. ఫేస్‌బుక్ పేజీలో మీరు చివరిసారి ఏదైనా పెట్టి ఏడాది దాటింది. దుమ్ము పట్టిన కొట్టుకు దారి చూపించడం ఎందుకు? ఈమెయిల్‌కు సంచి ఆర్డరిచ్చినవాళ్ళను నేనింకా చూడలేదు.

ఆరు రకాల సరుకు జాబితా తీసేసి ఆ ఒక్క వాక్యం మీద మనసు పెట్టండి. ‘హ్యాండ్‌మేడ్ ప్రొడక్ట్స్’ అంటే అగరొత్తులు కావచ్చు, పచ్చళ్ళు కావచ్చు. ‘పెడన అచ్చు గుడ్డ, మంగళగిరి నేత గుడ్డతో కుట్టిన సంచులు, పౌచ్‌లు. పెళ్ళిళ్ళకు తాంబూలం సంచులు.’ ఇలా రాస్తే నాలుగు నెలల తర్వాతి మనిషికి గుడ్డ గుర్తొస్తుంది. ఒక్క షరతు, అది నిజమై ఉండాలి. కలంకారీలో కాళహస్తిది కలంతో గీసింది, పెడనది టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో అద్దింది. మార్కెట్లో కలంకారీ పేరుతో అమ్మే గుడ్డలో మిషన్ మీద వేసిన ప్రింటు చాలానే ఉంది. మీరు కొనే తానుల్లో అది కూడా ఉంటే ఆ సంచుల మీద ‘పెడన అచ్చు’ అనకండి. పెడన కలంకారీకీ మంగళగిరి చేనేతకూ భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుంది. విజయవాడ ఆడవాళ్ళు గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసి చెప్పేస్తారు, ఆ పరీక్షలో తప్పితే కార్డు ఎంత బాగుండీ ఏం లాభం? అలాగే మీ మరిది డిజైన్‌లో మూలన చేనేత గుర్తు పెట్టాడు. చక్కగానే ఉంది కానీ తీసేయించండి. ఆ గుర్తు రిజిస్టర్ చేసుకున్నవాళ్ళు సరుకుకు తగిలించుకోవాల్సింది, మన ఇష్టానికి కార్డు మీద అచ్చేసుకునేది కాదు. పేరు పక్కన గుండ్రంలో ‘ఆర్’ కూడా అంతే. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ కాకుండా ఆ గుర్తు వాడితే 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం నేరం.

తెలుగా ఇంగ్లీషా అని అడిగారు. నా ఓటు తెలుగుకే. భాషాభిమానం కొంత ఉంది, దాచను. అయినా అసలు కారణం వేరు. ఆ సొరుగులో ఉన్న ఇరవై కార్డుల్లో పద్దెనిమిది ఇంగ్లీషువి. తెలుగులో పెద్దగా పేరున్న కార్డు వాటి మధ్య ఇట్టే కనపడుతుంది. పేరు తెలుగులో పెద్దగా వేసి, కింద ఇంగ్లీషులో చిన్నగా వేయండి. ఇంగ్లీషు ఎందుకంటే, మన పేర్లకు ఇంగ్లీషులో ఒక స్పెల్లింగంటూ ఉండి చావదు. ‘త’కు ఒకరు టీ రాస్తే ఇంకొకరు టీ హెచ్ రాస్తారు. ‘ద’కు డీ అనేవాళ్ళు కొందరు, డీ హెచ్ అనేవాళ్ళు కొందరు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక్క అక్షరం తేడా వస్తే ఇంకెవరి కొట్టుకో పోతారు. అందుకని మీ ఖాతా పేరు ఉన్నది ఉన్నట్టు, చిన్న బడి అక్షరాల్లో ఉండాలి.

తెలుగు అక్షరాలతో ఒక చిక్కుంది, ఫోన్‌లో డిజైన్ చేసే పిల్లలకు అది తెలియదు. ఇంగ్లీషు అక్షరానికి పైనా కిందా పెద్దగా సామాను ఉండదు. మనకు పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ‘లక్ష్మి’ని చూడండి, రెండంతస్తుల మేడ. కాబట్టి ఇంగ్లీషు అక్షరాన్ని 8 పాయింట్ల సైజులో చదవగలిగితే తెలుగుకు 10 కావాలి, వరుసల మధ్య ఎడం కూడా ఎక్కువ వదలాలి. లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. సైజు మరీ తగ్గిస్తే ‘ద’కూ ‘ధ’కూ తేడా చూపించే చిన్న గీత సిరాలో పూడిపోతుంది. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలైతే ఇంకా ప్రమాదం, చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకుతుంది. మీ మరిది మెరూన్ మీద సన్నటి తెల్ల అక్షరాలు పెట్టాడు. ప్రెస్సు నుంచి వచ్చేసరికి వాటిని సిరా సగం మింగేసి ఉంటుంది.

ఫాంట్లకు డబ్బు పెట్టక్కర్లేదు. మండలి, రామభద్ర, మల్లన్న, ఎన్టీఆర్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. పేరుకు రామభద్ర బాగుంటుంది, లావుగా నిలబడుతుంది. కింది వాక్యానికి మండలి. (1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన కృష్ణా జిల్లా మంత్రి మండలి వెంకటకృష్ణారావు గారి పేరే దానికి పెట్టారు. ఆ ఫాంటు చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.) ఇవన్నీ యూనికోడ్ ఫాంట్లు, అంటే ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ వాడే పద్ధతివి. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ తెలుగును ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్లలో కొడతారు. మీ ఫైలు అక్కడ తెరుచుకోకపోతే ‘మేం కొట్టేస్తాంలెండి’ అంటారు. కొట్టేస్తారు, అక్షరాలూ కొట్టేస్తారు. అందుకని అక్షరాలను బొమ్మలుగా మార్చేసిన పీడీఎఫ్ ఇవ్వండి. ‘కర్వ్స్ చేసి ఇచ్చాం’ అంటే వాళ్ళకు అర్థమవుతుంది.

రంగు సంగతి. మీరు పంపిన దాంట్లో ఉన్న రాణి రంగు ఫోన్‌లో వెలిగిపోతోంది. ఫోన్‌లో రంగు వెలుతురుతో పుడుతుంది, అట్ట మీద నాలుగు సిరాల కలయికతో పుడుతుంది. రాణి, చిలకపచ్చ, నెమలికంఠం, ఈ మూడూ సిరాలో ఎప్పుడూ ఒక మెట్టు దిగే వస్తాయి. మంగళగిరి చీరల్లో ఉన్న రాణి రంగు అట్ట మీద రావాలని ఒకాయనతో నేను వారం రోజులు పోరాడాను, చివరికి చీరే గెలిచింది. మీ గుడ్డలో ఎటూ రంగులున్నాయి. కార్డు తెల్లగానో, గోధుమ రంగుగానో ఉండి, అక్షరాలు నల్లగా ఉంటే చాలు. ఆ నలుపు కూడా ఒక్క నల్ల సిరాతోనే రావాలని చెప్పండి. నాలుగు సిరాలు కలిపి నలుపు చేస్తే, కాగితం వెంట్రుకవాసి జరిగినా అక్షరానికి నీడ వస్తుంది.

బంగారు ఫాయిల్ వద్దు. అది నగల కొట్టుకు, పెళ్ళిపత్రికకు అందం. నూలు సంచి కుట్టేవాళ్ళ కార్డు తళతళలాడితే ధర ఎక్కువేమో అనుకుని కొందరు వెనక్కి తగ్గుతారు, మిషన్ సరుకేమో అని ఇంకొందరు. ఆ డబ్బు కాగితం మీద పెట్టండి. ప్రెస్సులో 300 జీఎస్ఎం అంటారు, అంటే చదరపు మీటరు కాగితం 300 గ్రాముల బరువు. జెరాక్స్ కాగితం 70, 80 ఉంటుంది, పోల్చుకోండి. పైన లామినేషన్ లేకుండా, కాస్త గరుకుగా ఉండే అట్ట అడగండి. నిగనిగలాడే అట్ట మీద పెన్ను పారదు. ఒక్క పక్కే లామినేషన్ చేస్తే వేసవిలో అప్పడంలా వంగుతుంది.

పెన్ను ఎందుకు పారాలంటే, వెనక పక్క ఖాళీగా ఉంచమంటాను కాబట్టి. ‘తెల్ల పువ్వుల నీలం గుడ్డ, పెద్ద సంచి, 50 కావాలంటే ఇరవై రోజుల ముందు చెప్పాలి’ అని ఆ ఖాళీలో మీ చేత్తో రాసివ్వండి. చేత్తో రాసిన కార్డును అంత తేలిగ్గా పారేయరు. ధరలు మాత్రం అచ్చు వేయకండి. గుడ్డ రేటు మారితే కార్డులన్నీ చెత్తబుట్టకే.

ఇంకో మాట, దీన్ని నేను మీ ఉత్తరం చదవగానే అనుకున్నాను. మీ దగ్గర కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డ ముక్కలు సంచులకొద్దీ ఉండే ఉంటాయి. మీ మరిది పెట్టిన ఆ పువ్వు బొమ్మ తీసేయండి. అది ఏదో యాప్‌లో ఉచితంగా వచ్చింది, అదే పువ్వు ఇంకా ఎంతమంది కార్డుల మీద పూసిందో. దాని చోట అంగుళం గుడ్డ ముక్క, జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించి, అట్టకు మిషన్ మీద ఒక్క కుట్టు వేయండి. రెండు జాగ్రత్తలు. కుట్టు పొడవు పెంచండి, 4 దగ్గర పెడితే మంచిది. దగ్గర దగ్గర కుట్లు పడితే అట్ట పోస్టల్ స్టాంపు అంచులా చిల్లులు పడి, అక్కడికి చిరిగి చేతికొస్తుంది. రెండోది, పాత సూది వాడండి. కాగితం సూదిని మొద్దు చేస్తుంది, అదే సూదితో తర్వాత మంచి గుడ్డ కుడితే దారాలు లాగేస్తుంది. మొదట ఒక పది కుట్టి చూసుకోండి. చేయి అలవాటైతే రాత్రి సీరియల్ చూస్తూ ఒక కట్ట అయిపోతుంది. నాలుగు నెలల తర్వాత సొరుగులో చేయి పెట్టినప్పుడు, కార్డు చదవకముందే వేలికి గుడ్డ తగులుతుంది. అంతకంటే మంచి లోగో నేను చేసివ్వలేను. వందకు మించి కుట్టే ఓపిక లేకపోతే, గుడ్డలోని ఒక పువ్వునో తీగనో రబ్బరు స్టాంపు చేయించి అద్దుకోండి.

సైజు విషయంలో వేషాలు వద్దు. గుండ్రంగా, ఆకు ఆకారంలో, చతురస్రంగా ఉన్నవి చూడ్డానికి బాగుంటాయి, పర్సులో పట్టవు. మామూలు కార్డు మూడున్నర అంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు. ఏటీఎం కార్డు కంటే మూడు మిల్లీమీటర్లు పొడవు. ఇక్కడ మీకు ఇంకెవరికీ లేని సౌకర్యం ఒకటుంది. మీరు సంచులు, పౌచ్‌లు కుట్టేవాళ్ళు. ప్రతి పౌచ్ లోపలా మీ కార్డు సరిగ్గా పట్టేంత చిన్న జేబు కోరాగుడ్డతో కుట్టేయండి, కార్డు అందులో పెట్టి అమ్మండి. ఇక సొరుగు వెతికే పనే లేదు. ఆ పౌచ్‌లో పెట్టే కార్డుల వెనక మాత్రం ఖాళీ వదలకుండా, ‘మొదటి రెండు మూడు సార్లు విడిగా చన్నీళ్ళలో ఉతకండి, నీడలో ఆరేయండి’ అని స్టాంపు వేయండి. ఉతుకు సంగతి ఉన్న కార్డును ఎవరూ పారేయరు.

తాంబూలం సంచుల దగ్గర ఈ లెక్క పనిచేయదు, ఇది మనసులో పెట్టుకోండి. మా బంధువుల గృహప్రవేశంలో తాంబూలం సంచి అందుకుని ఇంటికొచ్చి తెరిస్తే, కొబ్బరికాయ కంటే ముందు కుట్టినావిడ విజిటింగ్ కార్డు బయటపడింది. పైగా అన్ని సంచుల్లోనూ ఉంది. ఇంటావిడ ముఖం మాడిపోయింది. ‘మీ గిఫ్టుతో పాటు కొట్టు పాంప్లెట్ కూడా పంచారే’ అని వాళ్ళ తోడికోడలు అననే అంది. సంచి ఇచ్చేది ఆ ఇంటివాళ్ళు, అందులో మన పేరు దూరకూడదు. అలాంటి ఆర్డర్లకు కార్డులన్నీ కట్టగా ఆవిడ చేతికే ఇవ్వండి. ఎవరైనా అడిగితే ఆవిడే ఇస్తుంది, గర్వంగా ఇస్తుంది. మీ పేరు ఉండి తీరాలనిపిస్తే లోపలి కుట్టులో గోరంత గుడ్డ లేబుల్ పెట్టండి, అదీ అడిగి.

నంబరు మీదే వేయండి. మీ ఆయన ఆఫీసులో ఉండగా ఎవరో ఫోన్ చేసి ‘జిప్పు పక్కకు పెట్టగలరా, లోపల అస్తరు ఏ గుడ్డ’ అంటే ఆయనేం చెప్తారు? ‘మా ఆవిడ్ని అడిగి చెప్తా’ అంటారు, ఆ మాట దగ్గరే సగం ఆర్డర్లు పోతాయి. రాత్రిపూట పిచ్చి ఫోన్లు వస్తాయేమోనని మీకు భయం ఉండొచ్చు, అది అబద్ధం కాదు. దానికి ఆయన నంబరు మందు కాదు. వేరే సిమ్ తీసుకోండి. వాట్సాప్ బిజినెస్ యాప్ మామూలు వాట్సాప్‌తో పాటు అదే ఫోన్‌లో నడుస్తుంది, సంచుల ఫొటోలు ధరలతో సహా అందులో పెట్టుకోవచ్చు, ధర మారితే మార్చుకోవచ్చు. కార్డు మీద నంబరు పక్కన ‘ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు’ అని వేయండి. ఆ తర్వాత ఆ సిమ్ ఆపేసినా ఎవరూ తప్పు పట్టరు.

ఇంటి అడ్రసు అక్కర్లేదు. కొట్టు లేదు, చెప్పకుండా వచ్చేవాళ్ళకు మీరు కాఫీలు ఇచ్చుకుంటూ కూర్చోలేరు. అడ్రసు కావాల్సినవాళ్ళకు వాట్సాప్‌లో లొకేషన్ పంపితే పోతుంది. పైగా గుంటూరు అడ్రసులు గుంటూరు వాళ్ళకే అర్థమవుతాయి. బ్రాడీపేట 4/7 అంటే మనకు నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. బెజవాడ ఆవిడకు అది భిన్నాల లెక్క. పేట పేరు, ఊరు పేరు వేయండి, చాలు.

క్యూఆర్ కోడ్ ఉంచాలనుకుంటే యూపీఐది వద్దు, డబ్బులు కట్టే కోడ్ స్టాల్ బల్ల మీద స్టాండుకు పెట్టుకోండి. కార్డు మీద వేసేది మీ వాట్సాప్‌కు వెళ్ళేది కావాలి. ఉచితం అని చెప్పే కొన్ని సైట్లలో కోడ్ నేరుగా మీ దగ్గరికి రాదు, వాళ్ళ సైటు మీదుగా వస్తుంది. గడువు అయ్యాక డబ్బు కట్టమంటారు, కట్టకపోతే కార్డుల మీదున్న కోడ్‌లన్నీ ఒకేసారి చచ్చిపోతాయి. వాట్సాప్ బిజినెస్‌లోనే మీ కోడ్ ఉంటుంది, అది వాడుకోండి. రెండు సెంటీమీటర్లకు తగ్గకుండా, తెలుపు మీద నలుపులో, చుట్టూ ఖాళీ వదిలి వేయించండి. మధ్యలో పువ్వులు పెట్టడం, రాణి రంగులో వేయడం లాంటివి వద్దు. ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత ఫోన్‌తో, ట్యూబ్‌లైటు కింద, ఒకసారి పట్టి చూడండి.

అమ్మవారి బొమ్మ గురించి మీ అత్తగారితో ఎలా చెప్పాలో ఆలోచించాను. ఆమెది భక్తి, కాదనలేం. కానీ కార్డు అన్నది కింద పడుతుంది, కాళ్ళ కింద పడుతుంది. ఎగ్జిబిషన్ అయ్యాక హాలు ఊడ్చేటప్పుడు నేను చూశాను, చీపురు కింద దేవుళ్ళు ఎంతమందో. ఈ మాటే ఆవిడతో అనండి, ఆవిడే వద్దంటారు. దానికి బదులు మొదటి కట్టను ఆవిడ చేతికిచ్చి ఇంద్రకీలాద్రికి తీసుకెళ్ళండి. స్టాల్ ఎటూ విజయవాడలోనే కదా. అమ్మవారి పాదాల దగ్గర పెట్టించి, పసుపు కుంకుమలు అద్దించి, మొదటి కార్డు ఆవిడ చేతులతోనే ఇప్పించండి.

ఇక వెయ్యి కార్డుల బేరం. ప్రెస్సు అతను మోసం చేయడం లేదు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు చేయించాలి, మిషన్‌కు సిరా పట్టించాలి, ఆ ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే. అందుకే వెయ్యి అంటాడు. డిజిటల్ ప్రింటింగ్‌లో ప్లేటు ఉండదు, వంద కూడా వేస్తారు. ఒక్కో కార్డుకు లెక్కేస్తే ఖరీదే, మొత్తం డబ్బు మాత్రం తక్కువ. మొదటి స్టాల్‌కు వంద, మహా అయితే రెండొందలు చాలు. మూడు రోజులు స్టాల్‌లో నిలబడ్డాక కార్డులో ఏం మార్చాలో మీకే తెలుస్తుంది. మూడుసార్లు ఎవరైనా ‘ఆన్‌లైన్‌లో పంపుతారా’ అని అడిగారంటే ఆ ముక్క కార్డు మీద లేదన్నమాట. అప్పుడు వెయ్యి వేయించుకోండి. కార్డులు బల్ల మీద దొంతరగా పెట్టకండి, పిల్లలు విమానాలు చేస్తారు. కొన్నవాళ్ళకు సంచిలో వేసి, కొనకపోయినా గుడ్డ పట్టుకుని చూసినవాళ్ళకు చేతికి ఇవ్వండి. ఊరికే నడిచి వెళ్ళేవాళ్ళకు ఇవ్వనక్కర్లేదు.

మీ మరిదితో జాగ్రత్తగా మాట్లాడండి. పాపం, కుర్రాడు కష్టపడ్డాడు. ఇందులో సగం తీసేయమంటే మొహం చిన్నబుచ్చుకుంటాడు. వాట్సాప్ కేటలాగ్ కోసం ఫొటోలు తీసే పని అతనికి అప్పజెప్పండి, అతని రంగులన్నీ అక్కడ చక్కగా పనికొస్తాయి.

చివరిగా ప్రూఫ్, అంటే అచ్చు వేసే ముందు ప్రెస్సువాళ్ళు ఇచ్చే నమూనా, చూడటం. నా చేతుల మీదుగా వెళ్ళిన ఒక టైలర్ కార్డు కథ చెప్తాను. కార్డులు వేయించుకుని నాలుగు నెలలు పంచాడు. ఒక్క కొత్త ఫోనూ రాలేదు. ఒకరోజు వాళ్ళ పదేళ్ళ కూతురు కార్డు మీద అంకెలు లెక్కపెట్టి, ‘నాన్నా, తొమ్మిదే ఉన్నాయి’ అందట. ప్రూఫ్ నేనూ చూశాను, అతనూ చూశాడు, సంతకం కూడా పెట్టాడు. తన నంబరు ఎవరూ చదవరు, గుర్తున్నది అప్పజెప్పుకుంటారు. ఉన్న తొమ్మిదంకెల్లోనూ అతని కంటికి పది కనపడ్డాయి, నాకూ అంతే. ఆ కార్డులు మళ్ళీ నా డబ్బుతో వేయించిచ్చాను.

అందుకని ప్రూఫ్ మీరు చూడకండి. కాగితం మీ అత్తగారి చేతిలో పెట్టి, ఒక్కో అంకే పైకి చదవమనండి. మీ ఆయన తన ఫోన్‌లో ఆవిడ చదివింది చదివినట్టు నొక్కాలి. మీరు వంటింట్లో ఉండండి. మీ కొత్త సిమ్ మోగితే ప్రెస్సుకు ఫోన్ చేసి వేయమనండి.